అమ్మ తుంటి ఎక్స్‌రేలో తెల్లమచ్చలు: ఏది ఏమిటో తెలుసుకున్న వైనం

అమ్మకి తుంటి ఆపరేషన్ అయిన మూడో నెలలో తీయించిన ఎక్స్‌రే రిపోర్టులో ‘కాల్సిఫికేషన్’, అంటే సున్నం పట్టడం, అన్న మాట మూడుచోట్ల ఉంది. తొడ పైభాగం కండలో ఒకచోట, పిరుదు దగ్గర కొన్ని, రక్తనాళాల వెంట మరికొన్ని. రాడ్డు కదల్లేదని, విరిగినచోట ఎముక కట్టుకుంటోందని పై రెండు లైన్లలో రాసి ఉన్నా ఇంట్లో ఎవరి కళ్లూ వాటిమీద నిలవలేదు. తమ్ముడు ఆ సాయంత్రమే కాల్షియం మాత్రల డబ్బా తీసి బీరువాలో పెట్టేశాడు. చిన్నమ్మ ఫోన్లో, “ఆ మాత్రలు మింగీ మింగీ సున్నమంతా తొడలో పేరుకోని ఉంటాది. రాగిసంగటి కూడా ఆపేయండి” అంది. అమ్మ నన్ను పక్కకి పిలిచి, “గడ్డేమన్నా లేచిందా పాపా? దాపెట్టకుండా చెప్పు” అని అడిగింది.

ఆ ప్రశ్నకి జవాబు కోసం ఎముకల డాక్టరు దగ్గరా, ఎక్స్‌రే చదివే డాక్టరు దగ్గరా, ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి దగ్గరా కూర్చుని ఒక్కో విషయం అడిగి తెలుసుకున్నాను. తుంటి విరిగిన పెద్దవాళ్లున్న ఇళ్లలో ఇలాంటి రిపోర్టు వచ్చాక ఎంత గందరగోళం అవుతుందో మా ఇంట్లోనే చూశాను. ఆ ఇళ్లవాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ముందు విరిగింది ఎక్కడో చెప్పాలి. తుంటి విరిగిందని అందరం ఒకే మాట అనేస్తాం గానీ, విరిగిన చోటుని బట్టి కథ మారిపోతుంది. తొడ ఎముక పైకొసన బంతిలాంటి తల ఉంటుంది, దాని కింద సన్నటి మెడ, ఆ కింద బయటివైపు ఒక పెద్ద బుడిపె, లోపలివైపు ఒక చిన్న బుడిపె. మెడ దగ్గర విరిగితే తలకి రక్తం అందడం కష్టమవుతుంది. అందుకే పెద్దవయసువాళ్లకి చాలామందికి తల తీసేసి కృత్రిమ కీలు పెడతారు. అమ్మకి విరిగింది రెండు బుడిపెల మధ్య. అక్కడ స్పాంజి ఎముక ఎక్కువ, రక్తప్రసారం బాగుంటుంది, అతుక్కునే గుణం కూడా ఎక్కువ. బాత్రూం గడప దగ్గర జారి పడ్డ మర్నాడే ఆపరేషన్ చేశారు. పెద్ద బుడిపె కొసనుంచి తొడ ఎముక లోపలికి రాడ్డు దించి, దానిలోంచి తలలోకి ఒక లావుపాటి స్క్రూ బిగించారు. మూడో రోజుకి వాకర్ పట్టించి నిలబెట్టారు. ఇదంతా చాలామందికి తెలిసిన దారే.

మాకు మొదటి అనుమానం ఆపరేషన్ అయిన నెల దాటాక వచ్చింది. కుట్లు మానిపోయాయి, నడక మెరుగవుతోంది. అలాంటప్పుడు తొడ పైభాగం బయటివైపు మళ్లీ వాచింది. చెయ్యి పెడితే వేడిగా తగిలేది. రెండో కాలికీ దీనికీ తేడా బాగా తెలిసేది. ఈ దశలో వాపు, వేడి వస్తే తేలిగ్గా తీసుకోకూడదు. కాలి సిరల్లో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, లోపల చీము పడుతూ ఉండొచ్చు. డాక్టరు గారు అదే రోజు కాలికి డాప్లర్ స్కాన్ చేయించారు, చీము పడితే పెరిగే ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. రక్తంలో చూశారు. గడ్డలు లేవు, చీము లక్షణాలు లేవు. “కండలో ఎముక పుట్టేటప్పుడు కూడా ఇట్లాగే వాస్తుంది. ఎక్స్‌రేలో ఇప్పుడే కనపడకపోవచ్చు, వచ్చేసారి చూద్దాం” అన్నారు. కండలో ఎముక పుట్టడమేమిటో నాకు ఆ రోజు అర్థం కాలేదు. అర్థమైంది మూడో నెల ఫిల్ము చూశాకే.

రిపోర్టు పట్టుకుని వెళ్లినప్పుడు డాక్టరు గారు ముందు దాన్ని చదవలేదు. “మొదటి నుంచి తీసినవన్నీ తెచ్చారా?” అని అడిగారు. పడ్డ రోజు ఫిల్ము, ఆపరేషన్ అయిన మర్నాటిది, ఆరు వారాలది, కొత్తది, నాలుగూ ఒకే కవర్లో పెట్టుకెళ్లాను. వాటిని వరసగా లైటు పెట్టె మీద పెట్టి పెన్సిల్ తీశారు. నాకు పాఠం అక్కడ మొదలైంది.

పెన్సిల్ మొదట ఆగింది తెల్లమచ్చల మీద కాదు, స్క్రూ కొస మీద. తల అంచుకీ స్క్రూ కొసకీ ఎంత దూరముందో ఎదురుగా తీసిన ఫిల్ములోనూ పక్కనుంచి తీసిన ఫిల్ములోనూ కొలిచి కలుపుతారట. ఆ మొత్తం 25 మిల్లీమీటర్ల లోపు ఉంటే స్క్రూ తలని చీల్చుకుని బయటికొచ్చే ప్రమాదం తక్కువ. అమ్మది ఆ లోపే ఉంది, మొదటి ఫిల్ముకీ దీనికీ మారలేదు. “రాడ్డు వేసిన తుంటికి అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇది. ఇది బాగుంటే మిగతావి నింపాదిగా మాట్లాడుకోవచ్చు” అన్నారు.

తర్వాత విరిగిన గీత. ఆపరేషన్ మర్నాటి ఫిల్ములో అది నల్లగా, కత్తితో కోసినట్టు స్పష్టంగా ఉంది. ఆరు వారాలకి దాని అంచులు చెరిగాయి. మూడో నెలలో గీత చుట్టూ మసక తెలుపు కమ్ముకుంది. ఎముక విరిగినచోట ముందు రక్తం గూడు కట్టి, అందులో మెత్తటి మృదులాస్థి పుట్టి, ఆ మృదులాస్థిలోకి కాల్షియం, ఫాస్ఫేటు చేరి గట్టి ఎముక అవుతుంది. ఈ కొత్త కట్టుబడిని కాలస్ అంటారు. ఇది కూడా కాల్షియమే, ఎక్స్‌రేలో తెల్లగానే కనిపిస్తుంది, అతకడానికి తప్పకుండా కావాల్సింది ఇదే. రిపోర్టులో దీన్ని విడిగా మెచ్చుకుని రాశారు గనక మేం భయపడలేదు. అదే ‘విరిగినచోట కాల్సిఫికేషన్’ అని రాసుంటే దానికి కూడా హడలిపోయి ఉండేవాళ్లం.

లోపలివైపు, గజ్జల దగ్గరికి, గోరంత తెల్లముక్క ఒకటి విడిగా తేలుతున్నట్టు కనిపించింది. నాకు అన్నిటికన్నా భయం కలిగించింది అదే. డాక్టరు గారు పడ్డ రోజు ఫిల్ము మీద పెన్సిల్ పెట్టి అదే ముక్కని చూపించారు. చిన్న బుడిపె విరిగినప్పుడే ఊడిపోయింది. దానికి తుంటిని వంచే పెద్ద కండరం అతుక్కుని ఉంటుంది. ఆ కండరం ముక్కని పైకీ లోపలికీ లాక్కుపోయింది. ఆపరేషన్లో దాన్ని వెతికి బిగించాల్సిన అవసరం చాలాసార్లు ఉండదట, కాలస్ వచ్చి దాన్ని తనలో కలిపేసుకుంటుంది. అది కొత్తగా పేరుకున్న సున్నం కాదు, అమ్మ సొంత ఎముక. ఫిల్ము తీసేటప్పుడు పాదం బయటికి తిరిగి ఉంటే ఆ ముక్క మరింత పెద్దగా కనపడుతుందని కూడా చెప్పారు. కాలు ఒకే తీరున పెట్టి తీస్తేనే పాత ఫిల్ముతో పోలిక సరిగ్గా వస్తుంది. నాకు ఇది చాలా ముఖ్యమనిపించింది. ఆ తర్వాత ప్రతిసారీ ఎక్స్‌రే గదిలో టెక్నీషియన్‌కి పాత ఫిల్ము చూపించి, “ఇట్లాగే పెట్టి తియ్యండన్నా” అని అడిగేదాన్ని. విసుక్కోకుండా పాదం కొద్దిగా లోపలికి తిప్పి తీసేవాడు.

ఇక పిరుదు దగ్గరివి. తుంటికి బయటగా, చర్మానికి దగ్గర్లో, గుండ్రంగా మూడు మచ్చలున్నాయి. అంచు మాత్రం తెల్లగా, లోపల నల్లగా. “పెద్దమ్మా, ఒకప్పుడు పిరుదుకి సూదులు బాగా వేయించుకుని ఉండావా?” అని అడిగారు. అమ్మ తలూపింది. మా చిన్నప్పుడు జ్వరమొచ్చినా నీరసమొచ్చినా సూదే కదా. సూది మందు కండలోకి దిగకుండా కొవ్వులో నిలిచిపోతే ఆ కొవ్వు కొంత చచ్చి, చుట్టూ సున్నం పట్టి అలా మిగిలిపోతుంది. ఏళ్ల తరబడి ఉంటుంది, ఏమీ చెయ్యదు. పొత్తికడుపు లోపల ఆవగింజంతవి, నడుమ చిన్న లేత చుక్కతో ఇంకొన్ని ఉన్నాయి. అవి సిరల్లో ఎప్పుడో చిన్నగా గడ్డకట్టిన రక్తానికి సున్నం పట్టినవి. వాటి సంగతీ అంతే. ఈ రెండు రకాలూ పడ్డ రోజు ఫిల్ములో కూడా ఉన్నాయి. అప్పటి రిపోర్టులో ఎవరూ రాయలేదు, ఎందుకంటే ఆ రోజు అందరి చూపూ విరిగినచోట ఉంది. ఒక రిపోర్టులో లేక తర్వాతి రిపోర్టులో వచ్చిన మాటని చూసి కొత్తగా పుట్టుకొచ్చిందనుకోవడం సహజం. పాత ఫిల్ము పక్కన పెట్టగానే ఆ అనుమానం తీరిపోతుంది. రిపోర్టు కాగితాలు దాచి ఫిల్ములు పారేసే ఇళ్లు నాకు చాలా తెలుసు. దయచేసి ఫిల్ములు దాచండి, సీడీ ఇస్తే అదీ దాచండి.

చివరికి, నిజంగా కొత్తగా వచ్చింది ఒకటే. పెద్ద బుడిపె కొసకి పైన, రాడ్డు దించిన దారిలో, కండలో రెండు మసక తెలుపు ముక్కలు. పడ్డ రోజు లేవు, ఆపరేషన్ మర్నాడు లేవు, ఆరు వారాల ఫిల్ములో వెతికితే కనపడీ కనపడనట్టు ఉన్నాయి. ఆ వాపు, ఆ వేడి వచ్చింది సరిగ్గా అక్కడే.

దీన్ని వైద్యులు హెటెరోటోపిక్ ఆసిఫికేషన్ అంటారు. ఎముక ఉండకూడని చోట, కండలో, నిజమైన ఎముక పుట్టడం. పిరుదులో సూది మచ్చలాగా చచ్చిన కొవ్వుకి సున్నం పట్టడం ఒకటి, ఇది మరొకటి. ఇందులో ఎముక కణాలుంటాయి, రక్తనాళాలుంటాయి, పండాక లోపల స్పాంజిలాంటి అల్లిక, బయట గట్టి అంచు ఏర్పడతాయి. రాడ్డు కోసం ఎముకని తొలిచినప్పుడు రాలిన పొడి, మజ్జ, దెబ్బ తిన్న కండ, అక్కడ చేరిన రక్తం ఇవన్నీ కలిసి కండలోని మూలకణాలకి ఎముకగా మారమని సంకేతాలిస్తాయి. అతకడానికి శరీరం విరిగినచోట చేసే పనే కొంచెం పక్కన కూడా చేస్తుందన్నమాట. తలకి పెద్ద దెబ్బ తగిలినవాళ్లలో, వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లలో, ఒళ్లు బాగా కాలినవాళ్లలో ఇది చాలా ఎక్కువగా వస్తుంది. మొదటి ప్రపంచయుద్ధంలో వెన్నుకి గాయాలై కాళ్లు పడిపోయిన సైనికుల్లో దీన్ని ఫ్రెంచి వైద్యులు 1918లో వివరంగా రాశారు. తొడ ఎముక తల ఇమిడే తుంటి గిన్నె పగిలి దానికి పెద్ద ఆపరేషన్ అయినవాళ్లకి, కృత్రిమ కీలు పెట్టినవాళ్లకి కూడా ఎక్కువే. రాడ్డు వేసినవాళ్లలో కొసన కొద్దిగా రావడం మామూలేనని, వాళ్లలో ఎక్కువమందికి అది ఉన్నట్టే తెలియదని చెప్పారు.

ఎంత ఉందన్నది చెప్పడానికి 1973 నుంచి వాడుకలో ఉన్న బ్రూకర్ కొలత ఉంది. కండలో అక్కడక్కడా ముక్కలు మాత్రమే ఉంటే ఒకటో మెట్టు. కటి ఎముక నుంచో తొడ ఎముక నుంచో కొమ్ములు సాగి, రెండింటి మధ్య కనీసం ఒక సెంటీమీటరు ఖాళీ ఉంటే రెండు. ఖాళీ సెంటీమీటరు కన్నా తగ్గితే మూడు. రెండు వైపులా కలిసిపోయి కీలు బిగుసుకుపోయినట్టు కనిపిస్తే నాలుగు. అమ్మది ఒకటి. కాగితం మీద ఆ అంకె రాయించుకున్నాను. ‘కాల్సిఫికేషన్ ఉంది’ అన్న మాటకన్నా ‘బ్రూకర్ ఒకటి’ అన్నది ఎంతో మేలు, వచ్చేసారి పోల్చడానికి ఒక ఆనవాలు దొరుకుతుంది.

గడ్డేమోనన్న అమ్మ భయాన్ని నేను విడిగా అడిగాను, ఆమె బయట కూర్చున్నప్పుడు. డాక్టరు గారు తేలిగ్గా కొట్టిపారెయ్యలేదు. కండలో పుట్టిన ఇలాంటి ఎముక అంచుల నుంచి లోపలికి పండుతుంది, అంటే బయట గట్టిగా తెల్లగా, మధ్యలో లేతగా ఉంటుంది. ఎముక క్యాన్సర్‌లో సాధారణంగా దీనికి తలకిందులు, నడుమ దట్టంగా ఉండి అంచులు కలిసిపోయి ఉంటాయి. ఆపైన అమ్మకి అది ఆపరేషన్ జరిగిన దారిలోనే, రావలసిన వారాల్లోనే వచ్చింది. అనుమానం మిగిలితే సి.టి. స్కాన్ తీస్తే అంచు స్పష్టంగా తెలుస్తుంది, ఇప్పుడు దాని అవసరం లేదు అన్నారు. బయటికొచ్చి అమ్మకి, “గడ్డ కాదమ్మా, ఎముకే కొంచెం పక్కన పుట్టింది” అని చెప్పాను. ఆమె ఇంకోసారి చెప్పించుకుంది.

మందు ఉందా అని అడగకుండా ఉంటామా? ఇండోమెథాసిన్ అనే నొప్పి మాత్రని ఆపరేషన్ అయిన వెంటనే కొన్ని వారాలు ఇస్తే, లేదా ఆపరేషన్‌కి ముందు ఒక రోజులోపో తర్వాత మూడు రోజుల లోపో తుంటికి ఒకసారి రేడియేషన్ ఇస్తే ఇలాంటి ఎముక పుట్టకుండా చాలావరకు ఆపవచ్చు. ప్రమాదం ఎక్కువున్న ఆపరేషన్లకే ఇవి వాడతారు. పుట్టిన ఎముకని ఇవి కరిగించవు. పైగా అమ్మకి షుగర్ ఉంది, మూత్రపిండాల పని అంతంతమాత్రం. ఆ మాత్ర ఆమెకి మంచిది కాదు, విరిగినచోట అతుకుని కూడా ఆలస్యం చెయ్యొచ్చు. మూడు, నాలుగు మెట్లలో ఉండి కాలు కదలకపోతే ఆపరేషన్ చేసి తీస్తారు. అది కూడా ఎముక పూర్తిగా పండాక, సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది ఆగి, ఎందుకంటే పచ్చిగా ఉన్నప్పుడు కెలికితే మళ్లీ పుట్టే అవకాశం ఎక్కువ. కొత్త ఎముక పుట్టేటప్పుడు పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ రక్తంలో ఎక్కువుందని రిపోర్టులో ఎర్రగుర్తు ఉంటే దాని గురించీ అడిగాను. విరిగిన ఎముక అతుక్కునేటప్పుడు కూడా అది పెరుగుతుంది. అందుకే ఆ అంకె ఒక్కటీ చూసి ఏదీ తేల్చలేరు.

ఇప్పుడు బీరువాలో ఉన్న కాల్షియం డబ్బా సంగతి. తమ్ముడు కూడా ఆ రోజు పక్కనే ఉన్నాడు గనక అతని చేతే అడిగించాను. డాక్టరు గారి జవాబు సూటిగా ఉంది. కండలో ఎముక పుట్టేది దెబ్బ వల్ల, అక్కడ మేల్కొన్న కణాల వల్ల. తిన్న కాల్షియం వల్ల కాదు. మాత్ర మానేస్తే ఆ ముక్కలు పెరగడం ఆగవు, విరిగినచోటుకి కావలసింది మాత్రం తగ్గిపోతుంది. శరీరంలో ఉన్న కాల్షియంలో దాదాపు 99 శాతం ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. తిండిలో చాలకపోతే రక్తంలో మట్టం పడిపోకుండా శరీరం ఎముకల్లోంచే తోడుకుంటుంది. ఈ వయసులో రోజుకి వెయ్యి నుంచి 1200 మిల్లీగ్రాములు కావాలి, తిండిలో ఎంత వస్తుందో లెక్కేసి మిగిలిందే మాత్రతో ఇస్తారు. మా వైపు రాగిసంగటి తినే అలవాటు ఉండడం అదృష్టం, వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములుంటుంది. సంగటీ, రెండు పూటలా పెరుగూ, నువ్వుల పొడీ లెక్కేస్తే అమ్మకి ఒక్క 500 మాత్ర చాలని తేలింది. భోజనం అయ్యాక వెయ్యమన్నారు. విటమిన్ డి బాగా తక్కువుంది, దానికి వారానికొకటి 60,000 యూనిట్లది కొన్ని వారాలు ఇచ్చి తర్వాత నెలకొకటి చేశారు. కాల్షియం ఎక్కువ మింగితే మంచిదని రెండు మూడు మాత్రలు వేయడం కూడా తప్పే, ముఖ్యంగా మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవాళ్లకి. ఆపడమైనా పెంచడమైనా రక్త పరీక్ష చూసిన డాక్టరు చెప్పాలి.

నిలబడిన ఎత్తు నుంచి పడితే తుంటి విరిగిందంటే ఎముక గుల్లబారినట్టే, ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో అంకె ఎంతొచ్చినా. అయినా స్కాన్ చేయించారు, రెండో తుంటికి, ఎందుకంటే ఆపరేషన్ అయిన వైపు లోహం లెక్కని పాడు చేస్తుంది. వెన్నెముకది కూడా పెద్దవాళ్లలో ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపిస్తుంది, అరుగుదలతో పెరిగిన ఎముక కొమ్ములూ దాని ముందున్న పెద్ద రక్తనాళానికి పట్టిన సున్నమూ కూడా లెక్కలో కలుస్తాయి గనక. తెల్లగా ఉన్నంత మాత్రాన గట్టి ఎముక కాదని అక్కడ మరోసారి చూశాను. గుల్లబారిన ఎముకకి జోలెడ్రోనిక్ ఆసిడ్ అని ఏడాదికొకసారి నరానికి ఎక్కించే మందు ఇచ్చారు. తుంటి ఆపరేషన్ అయిన 90 రోజుల లోపు దీన్ని ఇస్తే మళ్లీ ఎముకలు విరగడమూ, మరణాలూ తగ్గాయని 2007లో వచ్చిన పెద్ద అధ్యయనం తేల్చింది. ఇచ్చే ముందు మూత్రపిండాల పని తెలిపే క్రియాటినిన్, విటమిన్ డి, పళ్లు చూశారు. ఆ రాత్రి జ్వరం, ఒళ్లునొప్పులు వచ్చాయి, పారాసెటమాల్‌తో రెండు రోజుల్లో తగ్గాయి. తుంటి విరిగినవాళ్లలో ఎంతోమంది అతికితే చాలనుకుని ఈ వైద్యం దాకా రారు. రెండో తుంటి విరిగేదాకా ఆగకండి.

మూడో నెల ఫిల్ములో, రిపోర్టులో రాసిన మూడోచోటి తెలుపు ఒకటి మిగిలింది. నా మటుకు నాకు అదే అన్నిటికన్నా ముఖ్యమైనది, దాని గురించి ఇంట్లో ఒక్కరూ అడగలేదు. తొడ లోపలివైపు కిందికి దిగుతూ రెండు సన్నటి తెల్లగీతలు, రైలు పట్టాల్లా సమాంతరంగా. తొడ ధమని గోడ మధ్యపొరలో సున్నం పట్టింది. దీన్ని 1903లో జర్మన్ వైద్యుడు మాంకెబర్గ్ వర్ణించాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. షుగర్ ఏళ్ల తరబడి ఉన్నవాళ్లలో, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లలో తరచుగా కనిపిస్తుంది. ఇది దారిని తనంతట తాను మూసెయ్యదు గానీ గోడలు బిరుసెక్కుతాయి, గుండెజబ్బు ప్రమాదం ఎక్కువన్న సంగతి చెబుతుంది. ఇది తుంటి విరగడానికి ఎంతో ముందునుంచే ఉంది. ఎముక అతుక్కుంటోందా లేదా అన్న ధ్యాసలో దీన్ని దాటేసి వెళ్లిపోవడం ఎంత సులువో తల్చుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ఎముకల డాక్టరే అమ్మని షుగర్ డాక్టరు దగ్గరికి పంపారు. ఆమె అమ్మ రెండు పాదాల మీదా వేలుపెట్టి నాడి చూశారు. పాదాల్లో స్పర్శ ఎంతుందో సన్నటి నైలాన్ తీగతో పది చోట్ల తాకి అడిగారు. బొటనవేలి కింద రెండు చోట్ల అమ్మకి తెలియలేదు. కాలి రక్తపోటుని చేతి రక్తపోటుతో పోల్చే పరీక్ష ఇలాంటివాళ్లలో తప్పుగా బాగున్నట్టు చూపిస్తుందట, గట్టిపడ్డ నాళం పట్టీకి అణగదు గనక. అందుకని కాలివేలి దగ్గర రక్తపోటు చూశారు. కొలెస్ట్రాల్ మందు మొదలైంది, షుగర్ మందులు మారాయి, ఇంట్లో కూడా చెప్పులు వేసుకునే నడవాలన్నారు.

మర్దన విషయంలో ఇంట్లో కొంచెం గట్టిగా నిలబడాల్సి వచ్చింది. మాకు పుత్తూరు దగ్గర. ఎముక విరిగితే పుత్తూరు కట్టు అన్నది తరాల నుంచి ఉన్న గురి, పెదనాయన చెయ్యి అలాగే బాగైంది. ఆయన ప్రేమతోనే నూనె పంపి, బాగా పిసికి కాలు ఒత్తి వంచితే బిగుసు వదులుతుందని చెప్పాడు. కండలో ఎముక పుడుతున్నప్పుడు గట్టిగా పిసకడం, నొప్పి పుట్టేలా బలవంతంగా వంచడం మళ్లీ దెబ్బ కొట్టడమే అవుతుంది. మోచేతికి ఇలా మర్దన చేయించుకుని కీలు బిగుసుకుపోయినవాళ్లని మన దగ్గర ఎముకల డాక్టర్లందరూ చూసి ఉంటారు. పెదనాయనకి ఫోన్ డాక్టరు గారి చేతికిచ్చి మాట్లాడించాను. “కదపొద్దని కాదు పెద్దాయనా, ఆమె కాలిని ఆమే కదపాల, మనం లాగగూడదు” అన్నారు. ఆయన ఒప్పుకున్నాడు.

ఫిజియోథెరపీ అమ్మాయి చేయించింది కూడా అదే. పడుకుని మడమని మంచం మీద జరుపుతూ మోకాలు వంచడం, కాలిని పక్కకి జరిపి తేవడం, వాకర్ పట్టుకుని నిలబడి కాలిని పక్కకెత్తడం. నొప్పి మొదలయ్యే చోట ఆగి, ఊపిరి తీసుకుని, వెనక్కి రావడం. వారానికోసారి కొలబద్దతో కాలు ఎంత పక్కకి జరుగుతోందో కొలిచి పుస్తకంలో రాసేది. ఎక్స్‌రే కన్నా ఆ పుస్తకం చూస్తే నాకు ఎక్కువ ధైర్యం. తెల్లముక్క ఉన్నా అంకె పెరుగుతోందంటే అది దారికి అడ్డం రావట్లేదని అర్థం. అంకె వారం వారం తగ్గుతుంటేనో, తగ్గిన నొప్పి మళ్లీ గజ్జల్లో మొదలైతేనో, వాపుతో జ్వరం వస్తేనో తేదీ కోసం ఆగకుండా వచ్చెయ్యమన్నారు.

ఆరో నెల ఫిల్ములో ఆ రెండు ముక్కలూ అంతే ఉన్నాయి, కానీ అంచులు గీత గీసినట్టు తేలాయి. ఏడాదికి లోపల అల్లిక కూడా కనిపించింది. అంటే పండిపోయాయి, ఇక పెరగవు. బ్రూకర్ ఒకటి దగ్గరే ఆగాయి. చిన్న బుడిపె ముక్క కాలస్‌లో కలిసిపోయింది, విరిగిన గీత లేదు. అమ్మ చేతికర్రతో వీధి చివరి గుడి దాకా నడుస్తుంది. కింద కూర్చోదు, పూజ కుర్చీలో కూర్చుని చేసుకుంటుంది, బాత్రూంలో పట్టుకోవడానికి గోడకి స్టీలు కడ్డీలు పెట్టించాం. రెండో జోలెడ్రోనిక్ అయిపోయింది, వచ్చే ఏడు డెక్సా మళ్లీ తీస్తారు. పాదాల పరీక్ష మూడు నెలలకోసారి ఉంది, ఈ శుక్రవారం తీసుకెళ్లాలి.